ఎగిరే ఆమె చేతికి అవ్వ తాళంచెవులు

పోయిన వానాకాలంలో మా అవ్వ ప్రభువు సన్నిధికి పోయింది. దినాలు అయ్యాక ఆమె రేకుపెట్టె సర్దుతూ మా వదిన ఒక తాళంచెవుల గుత్తి తీసి నా ఒళ్ళో వేసి, "ఇగో, నీ ఆస్తి" అని నవ్వింది. పెట్టెలో ఇంకా ఉన్నవి ప్రార్థనకు కట్టుకునే రెండు తెల్లచీరలు, ఒక నస్యం డబ్బా, ఎవరి పెళ్ళిదో తెలియని ఒక ఫోటో. తాళంచెవులు మాత్రం గుప్పిట్లో పట్టనన్ని. వాటిలో ఒకటి అవ్వ వలసపోయి బొంబాయిలో ఇటుకలు మోసిన కాలంలో దొరికింది. ఒకటి మూతపడ్డ బియ్యం మిల్లుది. ఒకటి ఏనాడో పోయిన ట్రంకుపెట్టెది, మరొకటి కూలిపోయిన పాత ప్రార్థనమందిరానిది. మొత్తం గుత్తిలో తాళానికి పట్టేది ఒక్కటే, అది మా ఇంటి తలుపుది. మా అన్న కొత్త తలుపు పెట్టించాక దానికీ పని లేకుండా పోయింది. అవ్వ ఈ గుత్తిని నడుముకు దోపుకొని, నడిచినంత మేరా గలగలమనిపిస్తూ తిరిగేది. కొత్తగా వచ్చినవాళ్ళు ఏ పెద్దింటి దొరసానో అనుకునేవాళ్ళు. "ఉన్నది ఒక్క అర్ర, తాళంచెవులేమో దొరల గడీకున్నన్ని" అని మా బాపు తన కన్నతల్లినే ఎగతాళి చేసేవాడు. అవ్వ పట్టించుకునేది కాదు. నస్యం గురించీ తాళంచెవుల గురించీ దేవునికి తప్ప ఎవరికీ జవాబు చెప్పనవసరం లేదని ఆమె నమ్మకం.

ఆ గుత్తి నా కోసమే మోసేది. చిన్నప్పుడు నాకు మూర్ఛ వచ్చేది. మా వాడలో ఫిట్సు అనేవాళ్ళు. ఫిట్సు వచ్చిన మనిషి చేతిలో ఇనుము పెడితే లేస్తుందని పాలమూరు పల్లెల్లో అందరికీ తెలిసిన వైద్యం. నేను పడ్డచోటికి అందరికంటే ముందు అవ్వ వచ్చేది, నా పిడికిలి విప్పి తాళంచెవులు పెట్టేది. కాసేపటికి నేను లేచేదాన్ని. అవ్వకు ఇంకేం సాక్ష్యం కావాలి? పాలమూరు పెద్దదవాఖానలో డాక్టరమ్మ, ఇనుముతో ఏమీ కాదు, మానకుండా గోలీలు వేయాలి అని విడమరిచి చెప్పింది. అవ్వ ఎంతో మర్యాదగా విని, తల ఊపి, ఇంటికి వచ్చి గుత్తికి ఇంకొక తాళంచెవి ఎక్కించింది. గోలీలు కూడా వేళ తప్పకుండా వేసింది, అది వేరే సంగతి. ఆ గోలీల పుణ్యమా అని, దేవుని కృప వల్ల, తెలంగాణ వచ్చేనాటికి నాకు ఫిట్సు రావడం ఆగిపోయింది. జబ్బు పోయింది గానీ భయం మా ఇంట్లోనే మంచం వేసుకొని కూర్చుంది.

ఆ భయం వల్ల నేను బడి మొహం చూడలేదు. బడి వాగు అవతల ఉండేది. వాగులో పడితే ఎట్లా, బాయికాడ పడితే ఎట్లా, రోడ్డు మీద పడితే ఎట్లా అని అవ్వ దగ్గర ప్రశ్నలు సిద్ధంగా ఉండేవి. కాబట్టి మా ఇల్లే నా బడి. పొద్దున్నే జొన్నరొట్టె కాలే వాసనతో మెలకువ వచ్చేది. అవ్వ అరచేతుల మధ్య రొట్టె తడుతుంటే ఆ చప్పుడుకు తగ్గట్టు గుత్తి కూడా గలగలమనేది. అన్న వలసపనుల మీద దూరాన ఉండేవాడు. అమ్మ పత్తి చేలకు, బాపు ఆత్మకూర్ మార్కెట్ యార్డుకు హమాలీ పనికి పోయేవాళ్ళు. వడ్ల దుమ్ము, చెమట, బీడీ కలిసిన వాసనతో బాపు సాయంత్రం తిరిగి వచ్చి, కాళ్ళు కడుక్కొని, బైబిలు వాక్యం తెరిచేవాడు. ఆయన ఏడో తరగతి దాకా చదివాడు. అదంతా నాకు వాక్యంలో నుంచే నేర్పాడు. అందువల్ల నాకు 'సెలవిచ్చెను', 'ఇదిగో' రాయడం వచ్చిన చాలా రోజులకు గానీ 'బస్సు' రాయడం రాలేదు. వాగు మీద వ్యాసం రాయమంటే, ఇదిగో జలములు పొంగి పొర్లుచున్నవి అని మొదలుపెట్టేదాన్ని. బాపు మురిసిపోయేవాడు. తప్పు చెప్పేవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి నేను కూడా మురిసిపోయేదాన్ని. పక్కింటి దీనమ్మ పెద్దమ్మ మనుమరాలి పాత పుస్తకాలు వచ్చాక లెక్కలు, సైన్సు నా అంతట నేనే ముక్కిమూలిగి చదువుకున్నాను.

బడికి పోకుండానే పదో తరగతి పరీక్ష రాయవచ్చని బాపు యార్డులో ఎవరో చెప్పగా విని వచ్చాడు. పరీక్ష మాత్రం వనపర్తిలో. ఆత్మకూర్‌లో బస్సు మారి పోవాలి. ఆ రాత్రి అన్నాల దగ్గర నేను పోతానన్నాను. బాపు సరే అన్నాడు, అమ్మ సరే అంది. ఇంట్లో చివరి మాట అవ్వది. అవ్వ తినడం ఆపకుండానే చెప్పింది: "వాక్యం చదువుతున్నది, పాటల పుస్తకం చదువుతున్నది, దవాఖాన చీటీ గూడ చదువుతున్నది. ఇంకేం చదువాలె? నడిబస్సుల పడితే గుత్తి ఎవలు పెడ్తరు?" బాపు, ఫిట్సు రాక ఎన్నాళ్ళయిందమ్మా అంటే, రాకపాయె గదా అని చెప్పి రమ్మని పిలుస్తవారా అంది. దానికి జవాబు చెప్పగలిగినవాడు పాలమూరు జిల్లాలో ఇంకా పుట్టలేదు. నేను వెనకవైపు పోయి గిన్నెలు తోముతూ, ప్రభువా, మా అవ్వ మనసు నువ్వే మార్చు, నాకు చేతకాదు అని ప్రార్థించాను. ఆయన మారుస్తాడని నమ్మకం ఉండేది. ఎట్లా మారుస్తాడో మాత్రం నేను కలలో కూడా ఊహించలేదు.

పంట చేతికొచ్చాక ఏటా మా మందిరం ముందు సువార్త సినిమా వేసేవాళ్ళు. మామూలు సినిమాకు పోవడం మా వాడలో తప్పు. తెర మీద వాక్యం చూడడం మాత్రం ఆశీర్వాదం. ఆత్మకూర్‌లో సెల్‌ఫోన్ దుకాణం పెట్టి, మెమరీ కార్డుల్లో పాటలు నింపి ఇచ్చే దాసన్న కిరాయికి ప్రొజెక్టరు తెచ్చేవాడు. రెండు కర్రలు పాతి, వాటికి పాస్టరమ్మ ఇచ్చిన తెల్లదుప్పటి కట్టేవాళ్ళు. ఆ ఏడు పాస్టరయ్య పక్క ఊళ్ళో జబ్బుమనిషి కోసం ప్రార్థనకు పోయి, మీరు మొదలుపెట్టండి, నేను వచ్చేస్తా అని కబురు చేశాడు. దీపాలు పెట్టే వేళకు ఆడవాళ్ళం తలల మీద కొంగులు కప్పుకొని చాపల మీద సర్దుకున్నాం. ఒక పాట పాడాం. దాసన్న పెన్‌డ్రైవ్ పెట్టాడు. అతని పెన్‌డ్రైవ్‌లో వాక్యమూ లోకమూ పక్కపక్కనే ఉండేవని, వాటికి పేర్లు కాకుండా అంకెలే ఉండేవని మాకు తర్వాత తెలిసింది.

తెర మీద ముందు ఆకాశం కనిపించింది. పెద్ద వెలుగు దిగింది. ఆ వెలుగులో నుంచి ఒక ఆడమనిషి వచ్చింది. వెండిలాగా మెరిసే బట్టలు, వీపు మీద గాలికి ఎగిరే నీలం గుడ్డ. మొదటి ముక్క దాసన్న దుకాణంలోనే ఎక్కడో తెగిపోయినట్టుంది, సినిమా పేరు రాలేదు. వేరే దేశపు పాత సినిమాకు తెలుగు మాటలు అతికించారు. ఆమె చెయ్యి చాచి ఆకాశంలోకి లేచింది. చాపల మీద నుంచి "స్తోత్రం" అని వినిపించింది.

మా వాడ ఆడవాళ్ళను చూసి నవ్వకండి. వాళ్ళలో చదువు వచ్చినవాళ్ళు తక్కువ. లేఖనాల్లోని ఆడవాళ్ళను పేరుతో కాకుండా చేసిన పనితో గుర్తుపెట్టుకునేవాళ్ళు. చెట్టు కింద కూర్చొని తీర్పు చెప్పినామె, డేరా మేకు కొట్టినామె, రాజు ముందుకు పిలవకుండా పోయినామె. కాబట్టి తెర మీద ఒక కొత్త పని కనిపించగానే ఈమె ఎవరో తేల్చాలి కదా. ఇక బస్సులు, మేడలు ఉన్నాయేమిటని ఎవరూ ఆశ్చర్యపోలేదు. ప్రతి క్రిస్మస్ నాటికలోనూ తప్పిపోయిన కొడుకు జీన్స్ ప్యాంటు వేసుకొని మోటారుసైకిల్ మీదే వచ్చేవాడు. పాతకాలపు కథను ఇప్పటి బట్టల్లో చూపడం మాకు మామూలే. చెట్టు కింది ఆమే అని అవ్వ అంటే, డేరా మేకు ఆమే అని దీనమ్మ పెద్దమ్మ పట్టుబట్టింది. మేకు ఏదని అవ్వ అడిగింది. చెట్టు ఏదని పెద్దమ్మ అడిగింది. కాసేపటికి పెద్దమ్మకు ఇంకో అనుమానం వచ్చింది.

"అత్తా, గామెకు మోకాళ్ళు కనబడ్తున్నయి గదనే. భక్తురాలు గట్ల ఉంటదా?"

"నాటేసేటప్పుడు నువ్వు చీర యాడిదాక ఎగజెక్కుతవే? నీళ్ళల్ల దిగే పనున్నట్టుంది. చూడు."

అవ్వ అన్నది అన్నట్టే జరిగింది. తెర మీద వరద వచ్చింది, పిల్లలున్న బస్సు ఒకటి నదిలో పడింది, ఆమె నీళ్ళలోకి దిగి ఆ బస్సును ఎత్తి ఒడ్డున పెట్టింది. అవ్వ దీనమ్మ పెద్దమ్మ వైపు తిరిగి చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. మేకు వాదం అంతటితో ముగిసింది.

నేను మాత్రం అవ్వ పక్కనే కూర్చొని ఉన్నాను. ఇది వాక్యం కాదని నాకు అప్పటికే తెలిసిపోయింది. మొదటి పుట నుంచి చివరి పుట దాకా బాపు నాచేత చదివించాడు, అందులో ఈమె ఎక్కడా లేదు. చెప్పాలని నోరు తెరిచాను. దేవుడు క్షమించాలి, ఆమె బస్సు పెట్టిన చోటు నుంచి కళ్ళు తిప్పుకోలేక నోరు మళ్ళీ మూసుకున్నాను.

అప్పుడు ఆమె ఇసుకలో పడిపోయింది. ఆమె శక్తి వేరే ఏదో నక్షత్రం నుంచి వస్తుందట, వాడినప్పుడల్లా ఒంట్లో సత్తువ పోతుందట. ఆ ముక్క మాకు అర్థం కాలేదు. మాకు కనిపించింది ఏమిటంటే, ఒక ఆడపిల్ల కూలబడి, చేతులు కొట్టుకుంటూ, పిడికిళ్ళు బిగించి, కళ్ళు తేలేసింది. చాపల మీద ఉన్న అందరూ ఒక్కసారి నా వైపు చూసి, మళ్ళీ తెర వైపు చూశారు. సరిగ్గా అప్పుడే పాస్టరయ్య సైకిల్ దిగాడు. తెర వైపు ఒక్కసారి చూడగానే ఆయనకు సంగతి తెలిసిపోయింది. "దాసూ, ఏందిరా ఇది? ఆపు" అన్నాడు. దాసన్న కంగారుగా తీగల మీదికి వంగాడు.

నా పక్కన గలగలమని చప్పుడైంది. అవ్వ లేచింది. చాపల మధ్య నుంచి, కాళ్ళు తొక్కుతూ, నేరుగా దుప్పటి దాకా పోయింది. ఆమె వంగిన నీడ తెర మీద పడింది. నడుము నుంచి గుత్తి తీసి, ఇసుకలో పడి ఉన్న ఆమె పిడికిలి ఎక్కడుందో చూసుకొని, ఆ దుప్పటికి ఆనించి పట్టుకుంది. వెనక్కి తిరగకుండానే అంది:

"జర ఆగయ్యా. పిల్ల లేవలే. లేసినంక ఆపుకోన్రి."

పాస్టరయ్య మంచివాడు. ఆయన బిడ్డ జ్వరంలో ఉన్నప్పుడు మూడు పూటలా వచ్చి తలాపున కూర్చున్నది మా అవ్వే. దాసన్నకు ఆగమని చెయ్యి చూపి, సైకిల్ పట్టుకొని అట్లాగే నిలబడ్డాడు. దుప్పటి గాలికి కదిలింది. అవ్వ చెయ్యి కదలలేదు. కాసేపటికి ఆ వెండిబట్టల ఆమె వేళ్ళు, సరిగ్గా అవ్వ తాళంచెవులు పట్టుకున్న చోటే, మెల్లగా విచ్చుకున్నాయి. మోచేతి మీద లేచింది, మోకాళ్ళ మీద లేచింది, నిలబడి నీలం గుడ్డ దులుపుకొని మళ్ళీ ఆకాశంలోకి పోయింది. మా వాడంతా స్తోత్రం అంది. అందులో పాస్టరయ్య గొంతు కూడా వినిపించిందని దీనమ్మ పెద్దమ్మ ఇప్పటికీ అంటుంది. ఆయన ఒప్పుకోడు.

సినిమా ఆగిపోయింది. పాస్టరయ్య ఎవరినీ కసురుకోలేదు. ఇది వాక్యం కాదు, లోకపు సినిమా, దాసు పొరపాటు చేశాడు అని చెప్పి, ప్రార్థన చేసి పంపించాడు. అవ్వ వచ్చి నా పక్కన కూలబడి నస్యం పట్టు పట్టింది.

"చూసినవా బిడ్డా, పడ్డది. లేసింది. మళ్ళ పనిమీద పోయింది."

"చూసిన అవ్వా."

"ఎంబడి ఎవలన్న ఉన్నరా?"

"ఎవ్వరు లేరు. ఒక్కతే."

అవ్వ కొన్ని రోజుల తర్వాత, పొద్దున రొట్టె తడుతూ, నా మొహం చూడకుండా, "ఆ పరీచ్చ ఎప్పుడన్నవ్?" అని అడిగింది. రొట్టె చప్పుడు ఆగలేదు, గుత్తి చప్పుడూ ఆగలేదు. నేను వెనకవైపు పోయి గిన్నెల ముందు కూర్చొని ఏడ్చాను. ప్రార్థనలో అడిగినదానికి జవాబు ఇట్లా, నీలం గుడ్డ కప్పుకొని వస్తుందని ఏ పుటలో రాసి ఉంది?

ఆమె లేఖనాల్లో లేదన్న మాటను మాత్రం అవ్వ చివరిదాకా నమ్మలేదు. నేను వాక్యం చదివి వినిపించినప్పుడల్లా, గామె ఇంక రాలేదా అని అడిగేది. చివరి పుట అయిపోయి పుస్తకం మూస్తే, నువ్వు నడుమ యాడనో పుట తిప్పినవ్, మళ్ళ మొదటి సంది చదువు అనేది. ఆ వంకన నేను వాక్యం మొత్తం ఎన్నిసార్లు చదివానో. అందుకూ ఆ సినిమా తీసినవాళ్ళకు నేను రుణపడి ఉన్నాను, వాళ్ళకు ఈ సంగతి ఎప్పటికీ తెలియకపోయినా.

ఈ మధ్య మా మేనకోడలు ఫోన్లో వెతికి ఆ సినిమా పట్టుకుంది. అత్తా, ఆడమనిషి ఎగిరే సినిమాల్లో ఇది మొదట్లో వచ్చిందట, అప్పుడు ఎవరూ సరిగ్గా చూడలేదట అని చెప్పింది. మా వాడ చూసిందని నేనన్నాను. ఇప్పుడు ఆ పిల్లకు ఎగిరే అమ్మాయిలు కావలసినంతమంది. ఒకామె నచ్చకపోతే వేలితో నెట్టి ఇంకొకామెను తెచ్చుకుంటుంది. నేను మొత్తం చూశాను. నది నీళ్ళు గంగాళంలో నీళ్ళలాగా ఉన్నాయి, బస్సు పిల్లల బొమ్మలాగా ఉంది, ఆమె నడుముకు కట్టిన తీగ స్పష్టంగా కనబడుతోంది. ఆ రోజు మా చినుగుల దుప్పటి మీద ఇవేవీ కనబడలేదు. దుప్పటికి స్తోత్రం. పడిపోయే చోటు వచ్చేసరికి నేను ముందుకు వంగి చూశాను. అవ్వ నీడ లేకుండా ఆ తెర వెలితిగా ఉంది, ఆమె తనంతట తనే లేస్తుంటే నాకు ఏదో అన్యాయంగా తోచింది.

ఆనాటి పరీక్ష మొదటి రోజు బాపు నన్ను ఆత్మకూర్ దాకా తీసుకుపోయి వనపర్తి బస్సు ఎక్కించి యార్డుకు పోవాలని మాట. అక్కడి నుంచి నేను ఒక్కదాన్నే. అమ్మ తెల్లవారకముందే చేనుకు పోయింది. అవ్వ ఇంటికి తాళం నొక్కి, రోడ్డు దాకా మాతో వచ్చింది. బస్సు కనబడగానే నడుము నుంచి గుత్తి తీసి నా సంచిలో వేసింది. "ఫికర్ చెయ్యకు. పడితే లేస్తవ్" అంది. ఆ మాట ధైర్యానికి చెప్పిందో, నా భయాన్ని గుర్తుచేయడానికి చెప్పిందో ఆలోచించేలోపే బస్సు కదిలింది.

పరీక్ష గదిలో నేను సంచి కదిపినప్పుడల్లా గలగలమంది. సారు వచ్చి గుత్తి బయటికి తీయించి, ఎన్ని ఇండ్లున్నయమ్మా మీకు అని అడిగాడు. ఒకటే సార్ అన్నాను. ఆయన నన్ను అనుమానంగా చూసి గుత్తిని తన బల్ల మీద పెట్టుకున్నాడు. నేను ఒకసారి కాగితం, ఒకసారి గుత్తి చూసుకుంటూ రాశాను. ఏమీ కాలేదు, దేవునికి వందనాలు. కాలుష్యం గురించి అడిగితే, ఇదిగో నదులు మలినమాయెను అనే మొదలుపెట్టాను. దిద్దినవారు ఎవరో గానీ దయగలవారు.

పొద్దు వాలుతుండగా మా వాడ మలుపు తిరిగేసరికి, మా గడప ముందు అందరూ నేల మీద కూర్చొని ఉన్నారు. అమ్మ ఒళ్ళో పత్తి మూట, బాపు చేతిలో ఒక రాయి.  దగ్గరికి పోతే తెలిసింది. నాకిచ్చిన గుత్తిలోనే ఇంటి తాళంచెవి కూడా ఉంది. నా బస్సు పోయినప్పటి నుంచి అవ్వ బయటే ఉంది. దీనమ్మ పెద్దమ్మ ఇంట్లో తిని, కూరలో ఉప్పు తక్కువైందని కూడా చెప్పి వచ్చిందట. బాపు నాకంటే కాస్త ముందు వచ్చి తాళం పగలగొడతానంటే, తలుపుకు వీపు ఆనించి కూర్చుందట. మరిచిపోయి ఇచ్చిందని అమ్మ, నేను దేన్నీ మరవను అని అవ్వ వాదులాడుకుంటున్నారు.

"ఏందమ్మా, పలగ్గొట్టనియ్యకపోతివి" అని బాపు రాయి పక్కన పడేస్తే, అవ్వ అంది: "తాళం పలగ్గొడ్తే పోరి రాదు అనుకున్నట్టే గదరా. వచ్చింది గదా."

నేను గుత్తి తీశాను. అందులో మా ఇంటిది ఏదో నాకు తెలియదు. ఆ గుత్తి ఎన్నోసార్లు నా పిడికిలిలో ఉంది, కానీ కళ్ళు తెరిచి ఎన్నడూ చూసుకోలేదు. మొదట పెట్టింది బొంబాయిదని తర్వాత అవ్వ చెప్పింది, అది తిరగలేదు. మిల్లుది పెట్టాను, దూరనే లేదు. అవ్వా, ఏది అని అడిగాను.

"నీ చేతిల ఉన్నది. నువ్వే చూసుకో. తొందరగ, ఆకలైతాంది" అని అవ్వ తలుపు మీద నుంచి వీపు తీసి పక్కకు జరిగింది.

ట్రంకుపెట్టెది, పాత మందిరానిది కూడా అయ్యాక, సన్నది ఒకటి లోపలికి పోయి తిరిగింది. తాళం నా అరచేతిలోకి ఊడి పడింది. పొద్దున నుంచి ఎండకు కాగి వెచ్చగా ఉంది. నేను ఆ ఇంట్లోనే పెరిగాను, ఆ తలుపు లోపలి వైపు ఏ చెక్క ఎక్కడ చీలిందో కూడా నాకు తెలుసు. బయట నిలబడి దాన్ని తెరవడం అదే మొదటిసారి.